పెద్దవాళ్ళ ఒంట్లో కరెంటు: సోడియం, పొటాషియం, ఈసీజీ, అరికాళ్ళను ఇంట్లోవాళ్ళు కనిపెట్టుకునే పద్ధతి

డెబ్భై దాటిన మనిషి మే నెలలో ఉన్నట్టుండి తూలుతుంటే, రెండు రోజులుగా మాటకూ మాటకూ పొంతన లేకపోతే, ఇంట్లో ముందుగా వినిపించేది ‘వయసు మీద పడింది’ అనో ‘వడగాలి తగిలింది’ అనో. రక్తం పరీక్ష చేయిస్తే, 135 పైన ఉండాల్సిన సోడియం 120 దగ్గర ఉండొచ్చు. రెండు వారాల కిందట మారిన బీపీ మాత్ర, ఎండకు భయపడి తాగిన బిందెడు మంచినీళ్ళు, ఉప్పు తగ్గించిన కూర, ఈ మూడూ కలిస్తే చాలు. వయసు మీదికి నెట్టేసే లక్షణాల్లో కొన్నిటికి కారణం ఒంట్లోని విద్యుత్తు తప్పడమే. అందులో సరిచేయగలిగింది ఎక్కువే ఉంది. విజయవాడ, గుంటూరు ఎండల్లో పెద్దవాళ్ళను చూసుకునేవాళ్ళు ఏం చూడాలో, ఎలా చూడాలో ఇక్కడ చెబుతున్నాం.

ముందు సంగతి ఏమిటో రెండు ముక్కల్లో. ఒంట్లో ప్రతి కణమూ లోపల మైనస్, బయట ప్లస్‌గా ఛార్జి అయి ఉంటుంది. నరాల కణంలో ఈ తేడా దాదాపు 70 మిల్లీవోల్టులు, గుండె కింది గదుల కండరంలో 90 దాకా. దాన్ని నిలబెట్టేది కణం పొరలోని సోడియం-పొటాషియం పంపు. ఒక్కో విడతకు మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ 1957లో దీన్ని బయటపెట్టారు, 1997లో నోబెల్ అందుకున్నారు. ఈ పంపు పుణ్యమా అని పొటాషియం కణం లోపల 140 పైన, బయట రక్తంలో 4 దగ్గర ఉంటుంది. సోడియం సరిగ్గా తలకిందులు: బయట 140, లోపల పదీ పదిహేను. ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీలాగే ఇదీ ఎప్పుడూ ఛార్జి అవుతూ ఉండాలి. గుండె కొట్టుకున్నా, కాలు కదిలినా, పేరు గుర్తొచ్చినా ఖర్చయ్యేది ఈ నిల్వే.

వయసుతో ఈ నిల్వను కాచే కాపలాలు ఒక్కొక్కటే సడలుతాయి. కిడ్నీల వడపోత తగ్గుతుంది కాబట్టి ఎక్కువైన పొటాషియం త్వరగా బయటికి పోదు. దాహం మొద్దుబారుతుంది, ఒళ్ళు ఎండిపోతున్నా నీళ్ళు అడగరు. గుండెకు తాళం వేసే ఎస్ఏ నోడ్‌లో పనిచేసే కణాలు తగ్గుతాయి. నరాల్లో సంకేతం నడిచే వేగం మందగిస్తుంది. ఇవేవీ రోగాలు కావు. వీటిమీద ఒక మాత్రో, ఒక విరేచనమో, ఒక ఎండ రోజో పడితే అప్పుడు రోగం అవుతుంది.

రక్తం ఇచ్చేటప్పుడే సగం పని

అడగాల్సిన పరీక్ష పేరు సీరమ్ ఎలక్ట్రోలైట్స్. సోడియం, పొటాషియం, క్లోరైడ్ వస్తాయి. దాంతోపాటు క్రియాటినిన్ తప్పకుండా అడగండి. కిడ్నీ ఎలా ఉందో తెలియకుండా పొటాషియం అంకె ఒక్కటే చూస్తే ఏమీ తేలదు. షుగర్ ఉన్నవాళ్ళకు అదే సూదితో గ్లూకోజు కూడా తీయించండి. గ్లూకోజు 100 దాటాక ప్రతి 100కీ సోడియం దాదాపు 2 తక్కువగా కనిపిస్తుంది. షుగర్ 500 ఉన్న మనిషికి సోడియం 128 అని వస్తే, అందులో ఎనిమిది షుగర్ వల్ల వచ్చిన తేడాయే.

సోడియం అంకెను చాలావరకు నమ్మొచ్చు. తప్పుడు అంకె ఇచ్చేది పొటాషియం. ఎర్ర రక్తకణాల నిండా పొటాషియమే ఉంటుంది, అవి చితికినా, వాటి పంపు ఆగినా అదంతా సీరంలోకి కారిపోతుంది. మనిషి బాగానే ఉంటాడు, కాగితం మీద మాత్రం 6.3 అని పడుతుంది, ఇంటిల్లిపాదికీ గుండె జారుతుంది. అలా కాకుండా ఉండాలంటే రక్తం తీసేటప్పుడే కొన్ని గమనించాలి.

చేతికి కట్టే రబ్బరు పట్టీ నిమిషం దాటి ఉండకూడదు. ‘పిడికిలి మూసి తెరవండి’ అంటే చేయొద్దు, వదులుగా మూసి ఉంచితే చాలు. పిడికిలి పదే పదే బిగిస్తే ఆ చేతి రక్తంలో పొటాషియం 1 దాకా పెరగొచ్చు. సెలైన్ ఎక్కుతున్న చేతినుంచి తీయనివ్వకండి. ఊదా మూత గొట్టంలో ఈడీటీఏ ఉంటుంది, చాలావరకు అది పొటాషియం ఉప్పే. అందుకే ఎలక్ట్రోలైట్స్‌కు ఎరుపు లేదా పసుపు మూత గొట్టం ముందు నింపి, ఊదా గొట్టం తర్వాత నింపాలి. ఒక గొట్టంలో రక్తం సరిపోలేదని ఊదా గొట్టంలోది అందులోకి వంచితే అంతే సంగతులు: పొటాషియం ఆకాశానికి, కాల్షియం పాతాళానికి. ఈ రెండూ ఒకే కాగితం మీద కనిపిస్తే మనిషిని కాదు, గొట్టాన్ని అనుమానించాలి.

ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళే సదుపాయం మంచానపడ్డవాళ్ళకు వరమే. కానీ పొద్దున ఆరింటికి విజయవాడ పటమటలో తీసిన గొట్టం మరో పది ఇళ్ళు తిరిగి పదకొండింటికి సూర్యారావుపేట చేరితే ఆ పొటాషియానికి విలువ లేదు. రెండు గంటల్లోపు సీరం వేరుచేయాలి. చల్లగా ఉంటే మంచిదని గొట్టాన్ని ఐసులో పెట్టడం ఇంకో పొరపాటు. చలికి కణం పంపు ఆగిపోతుంది, పొటాషియం బయటికి కారుతుంది, రక్తం చితికిన ఎరుపు కూడా కనిపించదు కాబట్టి ల్యాబ్‌వాళ్ళకూ అనుమానం రాదు. ఎలక్ట్రోలైట్స్ కోసమైతే నడవగలిగినవాళ్ళను ల్యాబ్‌కే తీసుకెళ్ళండి. లేదా చివరి ఇల్లు మీదయ్యేలా అడగండి.

కాగితం మీద చూడాల్సినవి. సోడియం మామూలు 135 నుంచి 145. 130 నుంచి 134 ఉంటే ఆ వారంలో డాక్టరును కలవాలి. 125 కన్నా తక్కువైతే, లేదా ఎంత ఉన్నా మత్తు, వాంతులు, ఫిట్స్ ఉంటే ఆరోజే ఆస్పత్రి. పొటాషియం మామూలు 3.5 నుంచి 5. 5.5 దాటితే మళ్ళీ సరిగ్గా తీయించి చూడాలి, 6 దాటితే అదే రోజు ఈసీజీతో సహా చూపించాలి, 6.5 అంటే ఎమర్జెన్సీ. 3 కన్నా తక్కువైనా అంతే తొందర, ముఖ్యంగా గుండెకు ఇచ్చే డిగాక్సిన్ మాత్ర వాడేవాళ్ళకు. పొటాషియం సిరప్ ఎంత తాగించినా అంకె కదలకపోతే మెగ్నీషియం చేయించమని అడగండి. అది తక్కువగా ఉంటే కిడ్నీ పొటాషియాన్ని పట్టి ఉంచలేదు. ఏళ్ళ తరబడి గ్యాస్ మాత్రలు, అంటే ఒమెప్రజోల్, పాంటొప్రజోల్ రకాలు, వాడేవాళ్ళలో మెగ్నీషియం తగ్గడం చూస్తుంటాం.

మాత్రల డబ్బా తిరగేయండి

ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ మంచం మీద పరిచి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. పైన పెద్దగా ఉండే కంపెనీ పేరు మనకు అక్కర్లేదు. బీపీ మాత్ర పేరు చివర ‘హెచ్’ ఉంటే మామూలుగా అందులో హైడ్రోక్లోరోథయజైడ్, ‘సీటీ’ ఉంటే క్లోర్‌థాలిడోన్ కలిపి ఉంటాయి. ఇవీ, ఇండపమైడ్ కూడా, సోడియాన్నీ పొటాషియాన్నీ రెండింటినీ దించుతాయి. సన్నగా ఉండే పెద్దవయసు ఆడవాళ్ళలో సోడియం ఎక్కువగా పడేది ఈ మాత్ర మొదలుపెట్టిన తొలి రెండు మూడు వారాల్లోనే. ఫ్రూసెమైడ్ ముఖ్యంగా పొటాషియాన్ని లాగేస్తుంది.

దీనికి ఎదురుదిక్కున పొటాషియాన్ని పెంచేవి ఉన్నాయి: టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్. ఒక్కోటి విడిగా మంచి మందే. టెల్మిసార్టాన్ మీద స్పైరనోలాక్టోన్ చేరి, మోకాళ్ళ నొప్పికని దుకాణంలో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్ పడి, మధ్యలో రెండు రోజులు విరేచనాలైతే కిడ్నీ చేతులెత్తేస్తుంది. యూరిన్ ఇన్ఫెక్షన్‌కు ఇచ్చే ట్రైమెథోప్రిమ్-సల్ఫా మాత్ర కూడా పొటాషియాన్ని పెంచుతుందని మందుల షాపులో ఎవరూ చెప్పరు.

దిగులుకు, ఆందోళనకు ఇచ్చే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్, ఫిట్స్‌కు ఇచ్చే కార్బమజెపిన్, ఆక్స్‌కార్బజెపిన్ సోడియం తగ్గించగలవు. ఇవి ‘హెచ్’ మాత్రతో జతపడితే రెండు వారాలకోసారి పరీక్ష అడిగినా తప్పులేదు.

టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్‌లలో ఏది కొత్తగా మొదలైనా, మోతాదు పెరిగినా ఒకటి రెండు వారాలకు ఎలక్ట్రోలైట్స్, క్రియాటినిన్ చేయించాలి. థయజైడ్ రకానికి రెండు నుంచి నాలుగు వారాలు. అంకెలు నిలకడగా ఉంటే తర్వాత ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి. వాంతులు విరేచనాలు పట్టుకున్న రోజుల్లో ఏ మాత్ర ఆపాలో డాక్టరును ముందే అడిగి, ఒక కాగితం మీద రాయించి ఫ్రిజ్‌కు అంటించుకోండి. ఆ జాబితాలో సాధారణంగా టెల్మిసార్టాన్ వంటివి, నీరు దిగే మాత్రలు, షుగర్ మాత్రలైన మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ ఉంటాయి. ఆదివారం రాత్రి విరేచనాలు మొదలయ్యాక డాక్టరు ఫోను ఎత్తరు.

రోహిణి కార్తెలో నీళ్ళు, ఉప్పు

మన దగ్గర మే చివర ఎండ 45 డిగ్రీల మాట మామూలే. పెద్దవాళ్ళకు చెప్పే సలహా ‘నీళ్ళు బాగా తాగు’. చెమటలో పోయేది నీళ్ళతోపాటు ఉప్పు కూడా. ఉత్త నీళ్ళే లీటర్ల కొద్దీ పోస్తే రక్తంలో సోడియం పలచబడుతుంది. ఆ పలచబడ్డ రక్తంలోంచి నీరు మెదడు కణాల్లోకి చేరి అవి ఉబ్బుతాయి. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, తూలు, మాట తడబాటు, చివరికి ఫిట్స్ అన్నీ అందులోంచే.

గుండె నీరసం, కిడ్నీ జబ్బు లేనివాళ్ళకు ఎండ రోజున పలచటి మజ్జిగలో చిటికెడు ఉప్పు, ఉప్పు వేసిన గంజి, రాగిజావ సరిపోతాయి. విరేచనాలైతేనే ఓఆర్ఎస్. పెద్ద పొట్లం లీటరుకు, చిన్నది 200 మిల్లీలీటర్లకు. డబ్ల్యూహెచ్ఓ పాళ్ళు ఇవీ: లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. పొట్లం వెనక లీటరు లెక్కన ఈ పాళ్ళు లేకపోతే అది ఓఆర్ఎస్ కాదు. టెట్రాప్యాక్‌లో అమ్మే తియ్యటి పానీయాలమీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడొద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది, హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక. పాత సరుకు ఎక్కడైనా కనిపించినా తేవద్దు. లీటరు పొట్లాన్ని సగం చింపి గ్లాసులో వేసి ‘స్ట్రాంగ్‌గా’ కలపడం మన ఇళ్ళలో మామూలే. అలా చేస్తే సోడియం ఎక్కువై దాహం, విరేచనం రెండూ పెరుగుతాయి. పొట్లం మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళలో కలిపి, 24 గంటల్లో వాడి, మిగిలింది పారబోయాలి. పొట్లం దొరక్కపోతే లీటరు నీళ్ళకు ఆరు సమచెంచాల పంచదార, అర సమచెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, గోపురంలా కాదు, అంచుకు గీసి.

కొబ్బరి బొండాం దగ్గర ఆగాలి. ఎండకు అమృతమే, కానీ అందులో సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ. చెమట వల్ల వచ్చిన లోటు దానితో పూడదు. క్రియాటినిన్ పెరిగినవాళ్ళకు, స్పైరనోలాక్టోన్ వాడేవాళ్ళకు రోజూ రెండు బొండాలంటే అది నేరుగా గుండె లయ మీద పడుతుంది. ‘లో సోడియం’ ఉప్పు సంగతీ అంతే. అందులో సోడియం తగ్గించిన మేరకు కలిపేది పొటాషియం క్లోరైడే. బీపీకి మంచిదని మనవడు తెచ్చిపెట్టిన ఆ పొట్లం కిడ్నీ తాతగారికి చేటు. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు తండాల్లోలాగా కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఊళ్ళలో ఈ ఉప్పు కొనేముందు క్రియాటినిన్ చూపించుకోవాలి.

కిడ్నీ తగ్గినవాళ్ళకు కూరగాయల్లో పొటాషియం దించే పద్ధతి ఒకటుంది. బంగాళాదుంప, కంద, చేమ తొక్కతీసి చిన్న ముక్కలు తరిగి, ఎక్కువ నీళ్ళలో రెండు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు వంపేసి, కొత్త నీళ్ళలో ఉడికించి, ఆ ఉడికిన నీళ్ళు కూడా పారబోయండి. తొక్కతో కుక్కర్‌లో పెడితే ఏమీ దిగదు. ఆకుకూరలను కూడా ముందు ఉడికించి వార్చాకే పోపు పెట్టాలి. గోంగూర వార్చితే పులుపు కాస్త చప్పబడుతుంది, తప్పదు.

సోడియం బాగా పడిపోయిన మనిషికి ఇంట్లో ఉప్పు నీళ్ళు తాగించి సరిచేయాలని చూడొద్దు. ఆస్పత్రిలోనే 24 గంటల్లో ఎనిమిది, పది కన్నా ఎక్కువ పెరగకుండా కొన్ని గంటలకోసారి కొలుస్తూ ఎక్కిస్తారు. రోజుల తరబడి తక్కువ ఉన్న సోడియాన్ని ఒక్కసారిగా ఎత్తితే మెదడు కాండంలో నరాల పైపొర కరిగి కాళ్ళూచేతులూ పడిపోయే ప్రమాదం ఉంది. ‘నిన్న చేర్పించాం, ఇంకా 124 దగ్గరే ఉంది’ అని డాక్టర్లమీద విసుక్కునేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఈసీజీ కాగితం చేతికొచ్చాక

గుండె కరెంటు చర్మం మీదికొచ్చేసరికి మిల్లీవోల్టు దగ్గరే మిగులుతుంది. అంత చిన్నదాన్ని కొలిచేటప్పుడు చుట్టూ ఉన్న ప్రతిదీ అడ్డమే. ఈసీజీకి వెళ్ళే రోజున ఛాతీకి నూనె, పౌడరు వద్దు. చెమట తుడుచుకోవాలి, వెంట్రుకలు ఎక్కువుంటే కొంచెం తీయించాలి. చేతులు మంచం ఇనుప రెక్కకు తగలకూడదు. ఎండలోంచి వచ్చి ఏసీ గదిలో వెంటనే పడుకుంటే వణుకు పడుతుంది, ఆ వణుకు కాగితం మీద గుండె లయ తప్పినట్టే కనిపిస్తుంది. ఐదు నిమిషాలు కూర్చుని, దుప్పటి కప్పుకుని పడుకోండి. గీత అంతా ఒకే తీరున సన్నటి రంపపు పళ్ళలా ఉంటే అది 50 హెర్ట్జ్ కరెంటు, అంటే గోడ ప్లగ్గుదే. ఎర్త్ సరిగా లేకపోయినా, నలుపు తీగ ఊడినా వస్తుంది.

తీగల రంగులు: ఎరుపు కుడిచెయ్యి, పసుపు ఎడమచెయ్యి, ఆకుపచ్చ ఎడమకాలు, నలుపు కుడికాలు. కాగితం మీద ఒక్కో గీత పక్కన లీడ్ 1, ఏవీఆర్, వీ1 అని పేర్లు ఉంటాయి. ఎరుపు, పసుపు తారుమారైతే లీడ్ 1 మొత్తం తలకిందులుగా, ఏవీఆర్ నిటారుగా వస్తుంది. మామూలు మనిషిలో ఏవీఆర్ కిందికే ఉండాలి. ఛాతీ మీద వీ1, వీ2 నాలుగో పక్కటెముక సందులో, రొమ్ము ఎముకకు చెరో పక్కన పెట్టాలి. తొందరలో కంఠం ఎముకకు దగ్గరగా, రెండో సందులో అంటించేస్తుంటారు, దాంతో లేని పాత గుండెపోటు కనిపిస్తుంది. ఆడవాళ్ళకు వీ4 రొమ్ము కింద ఐదో సందులో అంటించాలి, పైన కాదు.

కాగితం అంచున 25, 10 అనే అంకెలు ఉన్నాయా చూడండి. సెకనుకు 25 మిల్లీమీటర్లు, మిల్లీవోల్టుకు 10 మిల్లీమీటర్లు. అలా ఉంటే ఒక పెద్ద గడి సెకనులో అయిదో వంతు. రెండు పొడుగు గీతల మధ్య పెద్ద గడులు లెక్కపెట్టి 300ను దానితో భాగిస్తే నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో వస్తుంది. నాలుగు గడులంటే 75. గీతల మధ్య దూరం ఒక్కోసారి ఒక్కోలా, ఏ లెక్కకూ అందకుండా ఉంటే అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కావొచ్చు. గుండె పై గదుల్లో రక్తం నిలిచి గడ్డకట్టి మెదడుకు ఎగిరే జబ్బు ఇది. పక్షవాతం రాకముందే పట్టుకోవాల్సింది.

పైన యంత్రం అచ్చువేసే ఇంగ్లిష్ వాక్యాలకు కంగారుపడకండి, వాటిని డాక్టరు ఒప్పుకుంటేనే లెక్క. అక్కడ ఒక్క అంకె మాత్రం చూసుకోవాలి: క్యూటీసీ, అంటే గుండె కింది గదుల్లో కరెంటు పాకి మళ్ళీ ఛార్జి అయ్యేందుకు పట్టే సమయం, మిల్లీసెకన్లలో. మగవాళ్ళకు 450, ఆడవాళ్ళకు 460 దాటితే ఎక్కువ, 500 దాటితే ప్రమాదం. పొటాషియం, మెగ్నీషియం తగ్గినా పెరుగుతుంది, మందుల వల్లా పెరుగుతుంది. అజిత్రోమైసిన్, లెవోఫ్లాక్ససిన్, డొంపెరిడోన్, ఒండాన్‌సెట్రాన్ అన్నీ ఆ జాబితాలోవే. వాంతులకు ఒకటి, దగ్గుకు ఇంకొకటి కలిపి ఇస్తుంటే పాత ఈసీజీ చూపించి అడగండి.

ఆ పాత ఈసీజీ దాచడమూ తెలియాలి. అది వేడికి నల్లబడే కాగితం. లామినేషన్ చేయిస్తే మొత్తం నల్లగా అయిపోతుంది. బీరువాలో వదిలేస్తే రెండు మూడేళ్ళకు గీత చెరిగిపోతుంది. తీసిన రోజే జెరాక్స్ తీయించి, ఫోనులో ఫొటో పెట్టుకోండి. ఛాతీనొప్పితో వెళ్ళినప్పుడు గుండె డాక్టరు మొదట అడిగేది ‘పాత ఈసీజీ ఉందా’ అనే.

చేతి గడియారంలో ఈసీజీ ఉందనుకునేవాళ్ళకు: అది చూపించేది ఒక్క లీడ్ 1నే, 30 సెకన్లు. లయ తప్పడం పట్టుకుంటుంది. గుండెపోటు లేదని చెప్పలేదు. గడియారం కూడా లేనివాళ్ళు మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు వేళ్ళు ఆనించి నిమిషం నిండా లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే లయ తప్పడం జారిపోతుంది. కూర్చుని ఉండగానే 120 దాటినా, 50 కన్నా తక్కువై కళ్ళు తిరుగుతున్నా 108కి ఫోన్ చేయండి.

అరికాళ్ళు, పుండ్లు

షుగర్ ఉన్నవాళ్ళలో మొదట ఆరిపోయేది పాదాలకు వెళ్ళే పొడవాటి నరాలు. ఇంట్లో చేసే పరీక్ష ఒకటుంది, ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ ఆస్పత్రిలో పుట్టింది. మనిషిని పడుకోబెట్టి కళ్ళు మూసుకోమనండి. మీ చూపుడు వేలి కొసతో వాళ్ళ కాలి బొటనవేలు, మధ్య వేలు, చిటికెన వేలు కొసలను ఒక్కోటి ఒకటి రెండు సెకన్లు తాకండి. నొక్కొద్దు, గీరొద్దు, తట్టొద్దు. రెండు పాదాలూ కలిపి ఆరు చోట్లు. తాకినప్పుడల్లా ‘కుడి’, ‘ఎడమ’ అని చెప్పాలి. చెప్పనిచోట రెండోసారి తాకకూడదు. రెండు, అంతకన్నా ఎక్కువ చోట్ల చెప్పలేకపోతే స్పర్శ పోయిందనే లెక్క. అప్పుడు డాక్టరు దగ్గర మోనోఫిలమెంటుతో, అంటే 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో, కంపనం కొలిచే బయోథెసియోమీటరుతో చూపించుకోవాలి. బయోథెసియోమీటరులో 25 వోల్టులు దాటినా కంపనం తెలియకపోతే ఆ పాదానికి పుండు పడే ప్రమాదం ఎక్కువ. మెట్‌ఫార్మిన్ ఏళ్ళుగా వాడుతుంటే విటమిన్ బీ12 కూడా చేయించండి. దాని లోటుతో వచ్చే తిమ్మిర్లు షుగర్ తిమ్మిర్లలాగే ఉంటాయి, కానీ ఇంజక్షన్లకు తగ్గుతాయి.

స్పర్శ పోయిన కాళ్ళతో మధ్యాహ్నం పూట ఇంద్రకీలాద్రి మెట్లెక్కకండి. బండ కాలుతున్నా తెలియదు, ఇంటికొచ్చాక బొబ్బలు కనిపిస్తాయి. తెల్లవారుజామున వెళ్ళండి, మందపాటి నూలు మేజోళ్ళు వేసుకోండి.

పుండు విషయంలోనూ కరెంటుదే పాత్ర. చర్మం కూడా ఒక ఛార్జి అయిన పొరే. తెగినచోట ఆ ఛార్జి కారిపోయి పుండు చుట్టూ చిన్న విద్యుత్ క్షేత్రం ఏర్పడుతుంది, కొత్త కణాలు ఆ దిక్కుకే నడుస్తాయి. మిన్ ఝావో బృందం 2006లో దీన్ని కణాల మీద చూపించింది. 65 దాటినవాళ్ళలో ఈ క్షేత్రం పడుచువాళ్ళలో ఉన్నదానికి సగమే ఉంటుందని రిచర్డ్ నుచిటెల్లి బృందం 2011లో కొలిచి చెప్పింది. కరెంటు నడవాలంటే తడి ఉండాలి. అందుకే పుండును ఆరబెట్టకండి: కాఫీ పొడి, పసుపు, బూడిద, స్పిరిట్ ఏదీ వద్దు. సెలైన్‌తో కడిగి, పల్చగా వాజిలీన్ రాసి, అంటుకోని గాజ్ గుడ్డతో కప్పి రోజూ మార్చండి. ఒక్క మినహాయింపు: వేలు నల్లగా ఎండిపోయి ఉంటే తడపొద్దు, అలాగే పొడిగుడ్డ చుట్టి ఆరోజే సర్జన్‌కు చూపించండి.

కరెంటు పేరుతో అమ్మేవి

ఈ రంగంలో నిజమైన పరిశోధన ఉంది. అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో మైఖేల్ లెవిన్ బృందం కప్ప పిండాల్లో కణాల వోల్టేజీని మార్చి, కన్ను రాకూడని చోట కన్ను పుట్టించింది. మెదడులో గ్లయోబ్లాస్టోమా కంతులకు 200 కిలోహెర్ట్జ్ విద్యుత్ క్షేత్రాల చికిత్సకు అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లో అనుమతినిచ్చింది. అయితే ముసలితనాన్ని వెనక్కి తిప్పే చాప, కంకణం, చెప్పు ఏదీ వీటినుంచి రాలేదు. కల్యాణ మండపాల్లో ఉచిత శిబిరం పెట్టి వేలకు వేలు రాబట్టే అమ్మకం అది, అంతే. కాళ్ళు ఉప్పునీళ్ళలో పెట్టించి కరెంటు పెడితే నీళ్ళు గోధుమరంగుకు మారి ‘విషం బయటికొచ్చింది’ అనే యంత్రాన్ని పరీక్షించడం తేలిక. కాళ్ళు పెట్టకుండా అదే ఉప్పునీళ్ళలో నడిపించమనండి. అప్పుడూ అదే రంగు వస్తుంది, అది ఇనుప ఎలక్ట్రోడు తుప్పు.

నొప్పికి చర్మం మీంచి చిన్న కరెంటు పంపే టెన్స్ యంత్రం వేరు, కొందరికి ఉపశమనం ఇస్తుంది. స్పర్శ లేని చర్మం మీద, మెడ ముందుభాగంలో మాత్రం పెట్టొద్దు. పేస్‌మేకర్ ఉంటే ఇంట్లో అసలు పెట్టొద్దు.

పేస్‌మేకర్ ఉన్న ఇంట్లో

బ్యాటరీ సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండేళ్ళు వస్తుంది. ఆరు నెలలకో ఏడాదికో చెక్ చేయిస్తే ఎంత మిగిలిందో ముందే తెలుస్తుంది, కళ్ళు తిరిగేదాకా ఆగక్కర్లేదు. సెల్‌ఫోన్ చొక్కా జేబులో కాక ప్యాంటు జేబులో పెట్టాలి, పేస్‌మేకర్‌కు 15 సెంటీమీటర్ల దూరం చాలు. ఇండక్షన్ పొయ్యికి రెండడుగుల ఎడం. మిక్సీ, టీవీ, ఫ్రిజ్ ఏమీ చేయవు. ఆటోనగర్‌లో వెల్డింగు పనిచేసేవాళ్ళు డాక్టరుతో మాట్లాడకుండా మళ్ళీ టార్చి పట్టొద్దు. ఫిజియోథెరపీకి వెళ్తే డయాథర్మీ, అంటే కరెంటుతో లోపలి కండరాన్ని వేడిచేసే చికిత్స, వద్దని ముందే చెప్పాలి, అది పేస్‌మేకర్ తీగ కొస వేడెక్కి గుండెను కాల్చగలదు. ఎమ్ఆర్ఐ అవసరమైతే పేస్‌మేకర్ పెట్టినప్పుడు ఇచ్చిన కార్డు మీద మోడల్ చూసి అనుకూలమో కాదో తేలుస్తారు. అందుకే ఆ కార్డు జెరాక్స్ ఒకటి పర్సులో, ఒకటి మాత్రల డబ్బాలో ఉంచండి.

ఇంకొకటి ఎవరూ ముందుగా మాట్లాడరు కాబట్టి ఇక్కడే చెప్పాలి. పేస్‌మేకర్‌లోని లిథియం బ్యాటరీ చితిమంటలో పేలుతుంది, దగ్గరున్నవాళ్ళకు దెబ్బ తగలొచ్చు, విద్యుత్ దహనవాటిక గది గోడలు దెబ్బతినొచ్చు. మనిషి పోయాక ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేలోపే తీయించమని డ్యూటీ డాక్టరును అడగండి. చిన్న కోతతో అయిపోయే పని. ఇంట్లోనే పోతే దహనానికి ముందు ఆ కార్డు చూపించి, దగ్గర్లోని డాక్టరుచేత తీయించండి.